ఒకే టాస్క్ రెండుసార్లు ఎందుకు నడుస్తోంది: సెలెరీ, రెడిస్, దూరాన ఉన్న వర్కర్లు

ప్రశ్న: మా సైట్‌లో లెక్చర్ వీడియోలు అప్‌లోడ్ చేస్తారు. జాంగో యాప్, రెడిస్ (టాస్క్‌ల క్యూ ఉండేది ఇందులోనే), డేటాబేస్ క్లౌడ్‌లో ఉన్నాయి. వీడియోలను వేరే సైజుల్లోకి మార్చే సెలెరీ (పనులను వెనకాల విడిగా నడిపే పైథాన్ టూల్) వర్కర్లు మా ఆఫీసులోని 4 మెషీన్లలో, వీపీఎన్ ద్వారా నడుస్తాయి. ఒక్కో పెద్ద వీడియోకు గంటన్నర పడుతుంది. డెప్లాయ్ చేసినప్పుడల్లా నడుస్తున్న టాస్క్‌లు పోతున్నాయని "యాక్స్ లేట్" (పని పూర్తయ్యాకే యాక్, అంటే రసీదు, పంపే సెట్టింగ్) ఆన్ చేశాం. అప్పటి నుంచి పెద్ద వీడియోలు రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు నడుస్తున్నాయి. ఒక మెషీన్ ఖాళీగా ఉన్నా టాస్క్‌లు ఇంకో మెషీన్ దగ్గర ఆగిపోయి ఉంటున్నాయి. స్టేటస్ అడిగితే పెండింగ్ అనే వస్తోంది. రెడిస్ తీసేసి ర్యాబిట్‌ఎమ్‌క్యూకు మారితే తీరుతుందా?

సమాధానం:

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. బ్రోకర్ (రెడిస్, ర్యాబిట్‌ఎమ్‌క్యూ లాగా టాస్క్ మెసేజ్‌లను వర్కర్లకు అందించేది) మార్చినంత మాత్రాన తీరదు. ర్యాబిట్‌ఎమ్‌క్యూకు వెళ్తే ఇప్పుడు గంటకు వస్తున్న సమస్య అరగంటకే వస్తుంది. ఎందుకో కింద వివరిస్తాను. అసలు సమస్య మెసేజ్ బాధ్యత ఏ క్షణంలో ఎవరి దగ్గర ఉంటుందన్నది. ఆ విషయంలో మీరు అనుకుంటున్నది ఒకటి, మీ సెట్టింగులు చేస్తున్నది ఇంకొకటి.

ఏదైనా మార్చే ముందు లాగ్ చూడండి. రెండుసార్లు నడిచిన వీడియో ఒకటి తీసుకుని, రెండు మెషీన్లలోనూ దాని టాస్క్ ఐడీ పోల్చండి. ఐడీలు వేరైతే ఎవరో అప్‌లోడ్ బటన్ రెండుసార్లు నొక్కారు, లేదా మీ యాప్ కోడ్ రెండుసార్లు పంపింది. ఐడీ ఒకటే అయితే బ్రోకర్ అదే మెసేజ్‌ని మళ్లీ ఇచ్చింది. మీరు చెప్పినదాన్ని బట్టి ఐడీ ఒకటే ఉంటుంది, రెండో వర్కర్ అందుకున్న సమయం మొదటి వర్కర్ అందుకున్న సమయానికి గంట దాటిన కాసేపటికి ఉంటుంది. ఆ గంట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

రెడిస్‌లో సెలెరీ క్యూ అంటే మామూలు లిస్ట్. వర్కర్ ఒక మెసేజ్ తీసుకోగానే అది లిస్ట్ నుంచి పోతుంది. కానీ పూర్తిగా పోదు. దాని కాపీ "అన్‌యాక్డ్" అనే హాష్‌లో, తీసుకున్న సమయం "అన్‌యాక్డ్ ఇండెక్స్" అనే సార్టెడ్ సెట్‌లో పడతాయి. వర్కర్ యాక్ పంపితే రెండు చోట్ల నుంచీ తుడిచేస్తారు. యాక్ రాకుండా "విజిబిలిటీ టైమౌట్" దాటితే ఆ మెసేజ్ మళ్లీ క్యూలోకి వెళ్తుంది. ఆ టైమౌట్ డిఫాల్ట్ 3600 సెకన్లు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ పని రెడిస్ తనంతట తాను చేయదు. అదే రెడిస్ డేటాబేస్‌కు కనెక్ట్ అయి ఉన్న వర్కర్లలో ఏదో ఒకటి, తన సొంత సెట్టింగ్‌లోని టైమౌట్‌తో పోల్చి, వెనక్కి పెడుతుంది. కాబట్టి వీడియో వర్కర్లలో టైమౌట్ పెంచి, అదే రెడిస్ వాడుతున్న ఈమెయిల్ వర్కర్లను మర్చిపోతే లాభం లేదు. ఈమెయిల్ వర్కర్ గంట కాగానే మీ వీడియో మెసేజ్‌ని తీసి క్యూలో పెట్టేస్తుంది. టైమౌట్ పెంచినా సమస్య అలాగే ఉందని వచ్చేవాళ్ల దగ్గర నేను ముందు చూసేది ఇదే.

మరి యాక్స్ లేట్ ఆన్ చేయక ముందు ఈ గొడవ ఎందుకు లేదు? రిజిస్టర్డ్ పోస్టులో కవరు చేతికి రాగానే సంతకం పెడతాం. లోపల రాసిన పని చేశామా లేదా అన్నదానితో పోస్ట్‌మ్యాన్‌కు సంబంధం లేదు. సెలెరీ మామూలుగా చేసేది అదే. టాస్క్ మొదలవుతుండగానే యాక్ పంపేస్తుంది. అందుకే గంటన్నర పట్టినా మెసేజ్ తిరిగి రాలేదు. మధ్యలో మెషీన్ ఆగిపోతే టాస్క్ పోయేది కూడా అందుకే, బ్రోకర్ దృష్టిలో దాని పని అప్పటికే అయిపోయింది. యాక్స్ లేట్ పెట్టాక యాక్ చివర్లో వెళ్తుంది. టాస్క్‌లు పోవడం తగ్గింది, కానీ గంట దాటిన ప్రతి టాస్క్ రెండో మెషీన్‌కు వెళ్లడం మొదలైంది. రెండో వర్కర్ తీసుకున్నప్పటి నుంచి మళ్లీ గంట లెక్క మొదలవుతుంది కాబట్టి మూడోసారి కూడా.

ర్యాబిట్‌ఎమ్‌క్యూలో విజిబిలిటీ టైమౌట్ లేదు. మెసేజ్ తీసుకున్న కనెక్షన్ బతికి ఉన్నంతవరకు అది ఆ వర్కర్‌దే, కనెక్షన్ తెగితే వెంటనే తిరిగి క్యూలోకి వస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ "కన్స్యూమర్ టైమౌట్" అని ఒకటుంది. 3.8.17 వెర్షన్ నుంచి అది డిఫాల్ట్‌గా 30 నిమిషాలు. అంతసేపు యాక్ రాకపోతే సర్వర్ ఆ ఛానెల్‌నే మూసేస్తుంది, లాగ్‌లో "ప్రీకండిషన్ ఫెయిల్డ్" అని కనిపిస్తుంది, మెసేజ్ వెనక్కి పోతుంది. దాన్నీ పెంచుకోవచ్చు. అయితే మీ వర్కర్లు వీపీఎన్ అవతల ఉన్నాయి. ఆఫీసు నెట్ 5 నిమిషాలు పోయిందనుకోండి. హార్ట్‌బీట్లు (బతికే ఉన్నానని పంపే చిన్న సంకేతాలు) అందక సర్వర్ కనెక్షన్ తెంపేసి మెసేజ్‌ని ఇంకో వర్కర్‌కు ఇస్తుంది. ఇక్కడ వీడియోను మార్చే ప్రోగ్రామ్ ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది, నెట్‌తో దానికి పని లేదు. అది పూర్తయ్యాక యాక్ పంపుదామంటే, ఆ డెలివరీ నంబర్ పాత ఛానెల్‌ది, ఇప్పుడు చెల్లదు.

బ్రోకర్ వైపు నుంచి చూస్తే కాలిపోయిన మెషీన్, తెగిన కేబుల్, నెమ్మదిగా నడుస్తున్న టాస్క్, ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. మూడింట్లోనూ దానికి తెలిసేది జవాబు రాలేదని మాత్రమే. ఎంతసేపు ఆగాలన్న అంకె మీరు ఇవ్వాలి. ఏ అంకె ఇచ్చినా రెండువైపులా నష్టమే. చిన్నదైతే బతికి ఉన్న వర్కర్ టాస్క్‌ని ఇంకొకరికి ఇస్తుంది, పెద్దదైతే చచ్చిపోయిన వర్కర్ టాస్క్ గంటలకొద్దీ ఎవరికీ అందదు. విజిబిలిటీ టైమౌట్‌ని 4 గంటలు చేస్తే మీ డబుల్ రన్లు ఆగుతాయి, సరే. కానీ రాత్రి ఒక మెషీన్‌కు కరెంటు పోతే ఆ వీడియో 4 గంటలు అలా పడి ఉంటుంది. ఈ రెండు పనులనూ ఒకే అంకెతో చేయించాలని చూడటమే తప్పు.

అందుకే మెసేజ్‌ని కబురుగా మాత్రమే వాడండి. ఏ టాస్క్ ఎవరి దగ్గర ఉందో డేటాబేస్‌లో ఉండాలి. మీకు ఎలాగూ డేటాబేస్ ఉంది, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. వీడియో జాబ్‌లకు ఒక టేబుల్ పెట్టండి: వీడియో ఐడీ, స్టేటస్, ఎన్నో ప్రయత్నం, ఏ వర్కర్, చివరి హార్ట్‌బీట్ సమయం.

మెసేజ్ అందగానే వర్కర్ చేసే మొదటి పని టేబుల్‌లో ఆ వీడియో రోను (వరసను) తన పేరున రాసుకోవడం. ముందు చదివి తర్వాత రాస్తే కుదరదు, ఆ మధ్యలో ఇంకో వర్కర్ దూరవచ్చు. ఒకే అప్‌డేట్‌లో షరతు పెట్టాలి: స్టేటస్ "వేచి ఉంది" అయితే, లేదా "నడుస్తోంది" అని ఉన్నా చివరి హార్ట్‌బీట్ 5 నిమిషాలకంటే పాతదైతే, వర్కర్ పేరు నాది చెయ్యి, హార్ట్‌బీట్‌ని ఇప్పటికి మార్చు, ప్రయత్నం నంబర్ ఒకటి పెంచు. ఒక రో మారితే పని మీది. సున్నా వస్తే ఇంకొకరు చేస్తున్నారు, లేదా అయిపోయింది.

సున్నా వచ్చినప్పుడు ఏం చేయాలన్నది చాలా జాగ్రత్తగా ఆలోచించాలి. "వేరేవాళ్లు చేస్తున్నారు కదా" అని ఊరికే రిటర్న్ అయితే ఆ మెసేజ్‌కు యాక్ వెళ్లిపోతుంది. రెడిస్‌లో మొదటి వర్కర్ కోసం దాచిన కాపీ తిరిగి క్యూలో పెట్టినప్పుడే పోయింది. ఇప్పుడు ఈ కాపీ కూడా పోయింది. అరగంట తర్వాత మొదటి వర్కర్ చనిపోతే ఆ వీడియో గురించి చెప్పేవాడు ఎవడూ ఉండడు. లాక్ పెట్టాం కాబట్టి సేఫ్ అనుకునే చాలా సిస్టమ్‌లలో టాస్క్‌లు నిశ్శబ్దంగా మాయమయ్యేది ఇక్కడే. దీనికి సెలెరీ బీట్‌తో (సమయం ప్రకారం టాస్క్‌లు పంపే భాగం) 5 నిమిషాలకోసారి ఒక చిన్న టాస్క్ నడపండి. "నడుస్తోంది" అని ఉండి హార్ట్‌బీట్ పాతబడిన రోలనూ, "వేచి ఉంది" అని ఉండి మామూలు కంటే చాలాసేపు ఎవరూ తీసుకోని రోలనూ వెతికి, వాటికి కొత్త మెసేజ్ పంపడమే దాని పని. అప్పుడు ఏ మెసేజ్ పోయినా ఫర్వాలేదు, ఎక్కువసార్లు వచ్చినా ఫర్వాలేదు. 4 గంటల తర్వాత పాత మెసేజ్ మళ్లీ తేలినా, స్టేటస్ "పూర్తయింది" అని చూసి వర్కర్ వదిలేస్తుంది. విజిబిలిటీ టైమౌట్‌ని ధైర్యంగా పెద్దది పెట్టుకోవచ్చు. వర్కర్ చనిపోతే కనిపెట్టే బాధ్యత ఇప్పుడు దానిది కాదు.

హార్ట్‌బీట్‌ని టైమర్ థ్రెడ్‌తో కొట్టించకండి. ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ ఒక పాడైన ఫైల్ దగ్గర ఇరుక్కుపోయినా టైమర్ మాత్రం "బతికే ఉన్నాను" అంటూనే ఉంటుంది. ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్‌కు ప్రోగ్రెస్ ఆప్షన్ ఉంది, ఎంతవరకు ఎన్‌కోడ్ చేసిందో వరసగా బయటికి రాస్తుంది. మీ పైథాన్ కోడ్ దాన్ని చదువుతూ, వీడియో సమయం ముందుకు కదిలితేనే, 30 సెకన్లకోసారి రోను అప్‌డేట్ చేయాలి. పని కదలకపోతే హార్ట్‌బీట్ కూడా ఆగాలి.

ఇక నెట్ పోయి వచ్చిన కేసు. 2వ మెషీన్ మూడో ప్రయత్నంగా వీడియో మారుస్తోంది అనుకుందాం. వీపీఎన్ 15 నిమిషాలు పడిపోయింది. హార్ట్‌బీట్ అందక బీట్ టాస్క్ కొత్త మెసేజ్ పంపింది. వేరే లైన్ మీద ఉన్న 4వ మెషీన్ దాన్ని తీసుకుని నాలుగో ప్రయత్నంగా మొదలుపెట్టింది. తర్వాత నెట్ వచ్చింది, 2వ మెషీన్ పని పూర్తి చేసి ఫైల్ అప్‌లోడ్ చేయబోతుంది. దాన్ని ఆపేది ప్రయత్నం నంబరే. ప్రతి హార్ట్‌బీట్ అప్‌డేట్‌లోనూ, చివరి "పూర్తయింది" అప్‌డేట్‌లోనూ "ప్రయత్నం నంబర్ ఇంకా 3 అయితేనే" అన్న షరతు ఉండాలి. సున్నా రోలు మారాయంటే పని తన చేయి దాటిపోయింది, ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్‌ని ఆపి తప్పుకోవాలి. అవుట్‌పుట్ ఫైల్ పేరులో కూడా ప్రయత్నం నంబర్ పెట్టండి, ఏ ఫైల్ అసలుదో రో చెబుతుంది. అప్పుడు రెండు మెషీన్లు ఒకే ఫైల్ మీద రాసి సగం అదీ సగం ఇదీ అయ్యే ప్రమాదం ఉండదు. రెండుసార్లు నడవడాన్ని పూర్తిగా ఆపలేం. రెండుసార్లు నడిచినా ఫలితం ఒక్కటే నిలిచేలా చేయగలం.

ఖాళీ మెషీన్ సంగతి తేలిక. సెలెరీ ప్రతి వర్కర్ ప్రాసెస్‌కు డిఫాల్ట్‌గా 4 మెసేజ్‌లు ముందే తెచ్చి పెట్టుకుంటుంది. కాన్‌కరెన్సీ (ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల సంఖ్య) 2 ఉన్న మెషీన్ 8 తీసేసుకుంటుంది. సెకనులో అయిపోయే ఈమెయిల్ టాస్క్‌లకు అది మంచిదే, నెట్‌వర్క్ మీద అటూ ఇటూ తిరగడం తగ్గుతుంది. గంటన్నర టాస్క్‌లకు మాత్రం 2 నడుస్తూ 6 కట్టేసినట్టు ఉంటాయి, పక్క మెషీన్ ఖాళీగా చూస్తూ ఉంటుంది. పైగా అలా ఆగి ఉన్న వాటికీ విజిబిలిటీ టైమౌట్ లెక్క నడుస్తుంటుంది, అసలు మొదలుకాకుండానే గంట దాటిపోయి ఇంకో కాపీ పుడుతుంది. వీడియో వర్కర్లలో ఇలా ముందే తెచ్చుకునే లెక్కను, అంటే ప్రీఫెచ్ మల్టిప్లయర్‌ను, 1 చేయండి. యాక్స్ లేట్‌తో కలిసి ఇది సరిగ్గా ప్రాసెస్‌కు ఒక్క మెసేజ్ దగ్గర ఆగుతుంది. ఈమెయిల్ లాంటి చిన్న పనులను వేరే క్యూ, వేరే వర్కర్లకు మార్చండి. చిన్నవీ పెద్దవీ ఒకే క్యూలో కలిపితే ఏ సెట్టింగూ రెండింటికీ సరిపోదు. ఇదే కారణంగా, టాస్క్ పంపేటప్పుడు "రేపు ఉదయం నడపు" అని ఈటీఏ పెట్టే అలవాటుంటే మానేయండి. ఆ మెసేజ్ వర్కర్ మెమరీలో యాక్ లేకుండా కూర్చుంటుంది, టైమౌట్ దాటిన ప్రతిసారీ ఇంకో కాపీ తయారవుతుంది.

పెండింగ్ గురించి కంగారు పడకండి, అలాగని దాన్ని నమ్మకండి. సెలెరీలో పెండింగ్ అంటే "క్యూలో ఉంది" అని కాదు, "ఈ ఐడీ గురించి నా దగ్గర ఏ సమాచారమూ లేదు" అని. మీరు నోటికొచ్చిన ఐడీ ఇచ్చి అడిగినా పెండింగ్ అనే చెబుతుంది. టాస్క్ మొదలైన విషయం రికార్డు కావాలంటే "ట్రాక్ స్టార్టెడ్" విడిగా ఆన్ చేయాలి. పూర్తయిన ఫలితాలు కూడా డిఫాల్ట్‌గా ఒక రోజు తర్వాత తుడిచిపెట్టుకుపోతాయి, మళ్లీ పెండింగే. జాబ్ టేబుల్ వచ్చాక యూజర్‌కు చూపించే స్టేటస్ దాని నుంచే తీయండి.

డెప్లాయ్ విషయానికొస్తే, సెలెరీ వర్కర్‌కు టర్మ్ సిగ్నల్ పంపితే కొత్తవి తీసుకోవడం ఆపి, నడుస్తున్నది పూర్తయ్యేదాకా ఆగుతుంది. కానీ ఆగనిచ్చేవాళ్లు ఉండాలి కదా. డిఫాల్ట్‌గా డాకర్ స్టాప్ 10 సెకన్లు, కుబర్నెటీస్ 30 సెకన్లు, సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి కిల్ చేసేస్తాయి. గంటన్నర టాస్క్‌కు ఇవేవీ చాలవు. మీ మెషీన్లలో సిస్టమ్‌డీ అయితే ఆ స్టాప్ టైమౌట్ 2 గంటలకు పెంచి, డెప్లాయ్‌ని ఒక్కో మెషీన్ చొప్పున చేయండి. యాక్స్ లేట్ ఉన్నా టాస్క్ పోయే ఇంకో దారి ఉంది. మెమరీ చాలక కెర్నల్ పైథాన్ చైల్డ్ ప్రాసెస్‌ని చంపేస్తే, సెలెరీ దాన్ని ఫెయిల్ అయినట్టు లెక్కగట్టి యాక్ పంపేస్తుంది. "రిజెక్ట్ ఆన్ వర్కర్ లాస్ట్" పెడితే మెసేజ్ తిరిగి వస్తుంది. కానీ మెమరీ తినేసే ఆ వీడియోనే మళ్లీ మళ్లీ వచ్చి మెషీన్లను వరసగా పడగొట్టవచ్చు. నేనైతే ఆ సెట్టింగ్ జోలికి పోను. బీట్ టాస్క్ ఎలాగూ మళ్లీ పంపుతుంది, ప్రయత్నం నంబర్ 4 దాటితే స్టేటస్ "ఫెయిల్" చేసి మనిషికి అలర్ట్ పంపమనండి.

వీలైతే టాస్క్‌నే చిన్నది చేయండి. వీడియోను 5 నిమిషాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో టాస్క్‌గా పంపి, చివర్లో కలిపే టాస్క్ ఇంకొకటి పెట్టొచ్చు. కీఫ్రేమ్‌ల (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్‌ల) దగ్గరే కోయాలి, ఆడియోను విడిగా ఒకేసారి ఎన్‌కోడ్ చేసి చివర్లో కలపడం మంచిది. మెషీన్ పడిపోయినా పోయేది గంటన్నర శ్రమ కాదు, కొన్ని నిమిషాలే. 4 మెషీన్లూ ఒకే వీడియో మీద పనిచేస్తాయి. ఖర్చు మాత్రం ఉంది, ఏ ముక్కలు అయ్యాయి ఏవి మిగిలాయి అన్న లెక్క మీరే రాసుకోవాలి. ఆ లెక్కలు ముదిరితే టెంపోరల్ లాంటి వర్క్‌ఫ్లో ఇంజిన్ చూడండి. అందులో టాస్క్ గడువు వేరు, హార్ట్‌బీట్ గడువు వేరు అన్నది ఇంజిన్‌లోనే ఉంటుంది, పైన చెప్పిన టేబుల్ పనంతా అదే చేస్తుంది. నాలుగు మెషీన్లు, ఒక రకం టాస్క్ ఉన్న టీమ్‌కు మాత్రం అది ఇప్పుడే అవసరమని నేను అనుకోను.

ఇంకో మూడు చిన్న విషయాలు, వీటిని కూడా ఇప్పుడే సరిచేసుకుంటే మంచిది. అప్‌లోడ్ వ్యూలో ట్రాన్సాక్షన్ కమిట్ కాకముందే టాస్క్ పంపితే, వర్కర్ డేటాబేస్‌లో ఆ వీడియో కోసం చూసేసరికి రో ఉండదు. జాంగో ఆన్ కమిట్‌లో పంపండి, సెలెరీ 5.4 నుంచి దానికి "డిలే ఆన్ కమిట్" అని నేరుగానే ఉంది. మెసేజ్‌లో వీడియో ఐడీ తప్ప ఇంకేమీ పెట్టకండి, ఫైల్ అసలే వద్దు. రెడిస్‌లో మెమరీ నిండినప్పటి పాలసీ "నోఎవిక్షన్" అని ఉందో లేదో చూడండి. క్యాష్ కోసం పెట్టిన ఎల్ఆర్‌యూ (చాలాసేపు వాడనివాటిని తుడిచే) పాలసీ ఉంటే, మెమరీ నిండిన రోజు రెడిస్ మీ క్యూనే తుడిచేయగలదు. క్యాష్‌కూ క్యూకూ రెండు వేర్వేరు రెడిస్‌లు ఉండటం మంచిది.

వీపీఎన్ కనెక్షన్ మీద కూడా ఒక కన్నేయండి. కాసేపు మాటలు నడవని టీసీపీ కనెక్షన్‌ని మధ్యలోని నెట్‌వర్క్ పెట్టెలు చెప్పకుండా మర్చిపోతాయి, ఏడబ్ల్యూఎస్ నాట్ గేట్‌వే అయితే 350 సెకన్లకే. లినక్స్ కీప్‌ఎలైవ్ (కనెక్షన్ బతికే ఉందా అని అవతలివైపును పలకరించేది) ఆన్ చేసినా డిఫాల్ట్‌గా 7200 సెకన్ల తర్వాత గానీ పలకరించదు. ఆ మధ్యలో వర్కర్ బతికే ఉంటుంది, కనెక్షన్ ఉందనే అనుకుంటుంది, మెసేజ్‌లు మాత్రం రావు. వర్కర్ వైపు రెడిస్ సాకెట్ కీప్‌ఎలైవ్ ఆన్ చేసి, ఆ మెషీన్లలో కీప్‌ఎలైవ్ సమయాన్ని 60 సెకన్లకు దించండి.

మార్చే వరస ఇలా ఉంటే మంచిది. ముందు జాబ్ టేబుల్, షరతుతో కూడిన అప్‌డేట్లు, బీట్ టాస్క్. అవి స్టేజింగ్‌లో (పరీక్ష కోసం పెట్టిన కాపీలో) నిలబడ్డాక, ఆ రెడిస్ వాడే అన్ని సర్వీసుల్లోనూ ఒకేసారి విజిబిలిటీ టైమౌట్ 4 గంటలు. ఆ తర్వాత వీడియో క్యూ వేరు చేసి ప్రీఫెచ్ 1. ప్రొడక్షన్‌కు ముందు ఒక వీడియో నడుస్తుండగా వర్కర్‌ని మొత్తంగా కిల్ మైనస్ 9 చేసి చూడండి, 10 నిమిషాల్లోపు ఇంకో మెషీన్ ప్రయత్నం 2గా తీసుకోవాలి. ఇంకోసారి వర్కర్‌ని ముట్టుకోకుండా ఆ మెషీన్ వీపీఎన్ మాత్రమే 15 నిమిషాలు ఆపి, మళ్లీ ఇవ్వండి. పాత వర్కర్ లాగ్‌లో సున్నా రోలు మారాయన్న లైన్, దాని వెంటే ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ ఆగిన లైన్ కనిపించాలి. ఈ రెండో టెస్ట్ చేయకుండా లైవ్‌కు వెళ్లొద్దు. లాగ్‌లో వేరే ఏదైనా కనిపిస్తే ఆ భాగం ఇక్కడ పెట్టండి, చూస్తాను.